పచ్చికి వ్యతిరేక పదం ఏమిటి?

శనివారం సాయంత్రం పాఠానికి ముందు వంటింట్లోకి వెళ్లి నాలుగు మిరపకాయలు, ఒక అరటికాయ, గిన్నెలో కాచని పాలు, దోసెడు బియ్యం తెచ్చి వసారాలో పిల్లల మధ్య పెట్టాను. ఆ ఉదయమే పెరట్లో నరికిన మునగకొమ్మ ముక్కను కూడా వాటి పక్కన ఉంచాను. ఈ అయిదింటికీ ముందు చేర్చగలిగిన మాట ఒకటే ఉంది, అదేమిటో చెప్పండి అని అడిగితే, కాసేపు తేరిపార చూసి ఇద్దరు ముగ్గురు ఒకేసారి “పచ్చి” అన్నారు. పచ్చిమిరపకాయ, పచ్చి అరటికాయ, పచ్చిపాలు, పచ్చిబియ్యం, పచ్చికొమ్మ. ఇక ఎవరి పుస్తకంలో వారు పచ్చికి వ్యతిరేక పదం రాయండి అన్నాను. ఒకరు ఎండు అని, ఒకరు పండు అని, ఒకరు కాచినది అని, మరొకరు వండినది అని రాసి, పక్కవారి పుస్తకంలోకి చూసి, తమది తప్పేమోనని కొట్టివేయబోయారు. కొట్టివేయవద్దని ఆపాను.

బజారులో కూరగాయలు అమ్మే ఇంటి పిల్ల ఒకతె అప్పుడు లేచి, “మిరపకాయైతే ఎండు, అరటికాయైతే పండు, పాలైతే కాచినవి, కొమ్మైతే ఎండిపోయింది. బియ్యానికి మా ఇంట్లో ఉప్పుడు బియ్యం అంటాం మాస్టారూ” అంది. దుకాణంలో మాత్రం అరువా, ఉసునా అని అడగాలని ఒక అబ్బాయి అందించాడు. ఆ రెండూ పచ్చిబియ్యానికీ ఉప్పుడు బియ్యానికీ ఒడియా పేర్లే. పచ్చి ఇటుకకు కాల్చిన ఇటుక అని, పచ్చిపుండుకు మానిన పుండు అని జాబితా ఇంకా పెరిగింది. చివరకు ఆ పిల్లే అడిగింది: “అదేటి మాస్టారూ, ఇన్ని ఉంటే పరీక్షలో ఏది రాయాలి?”

ఆ ప్రశ్న న్యాయమైనది. ఒక మాటకు ఎదురుగా ఒక్క మాటనే నిలబెట్టి కంఠస్థం చేయించే పద్ధతిలో దానికి జవాబు లేదు. వ్యతిరేకం అనేది మాటకు పుట్టుకతో వచ్చే తోక కాదని, అది వాక్యంలో ఏర్పడుతుందని, కాబట్టి వ్యతిరేక పదం వెతికే ముందు ‘దేని విషయంలో?’ అని అడగాలని నేను పిల్లలకు చెబుతున్నాను. నీటి విషయంలోనైతే పచ్చికి ఎండు, పక్వం విషయంలోనైతే పండు, నిప్పు విషయంలోనైతే కాచినది, వండినది, కాల్చినది. ఈ ఒక్క ప్రశ్నను నా తరగతికి మూలసూత్రంగా పెట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈ పిల్లల సంగతి కొంత చెప్పాలి. మాది ఒడిశాలోని గజపతి జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు పర్లాకిమిడి అటు చేరింది. 1992 అక్టోబరు 2న గంజాం జిల్లాను విడదీసి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. ఊరి పక్కనే మహేంద్రతనయ పారుతుంది, కాస్త దూరం పోతే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది. ఇక్కడి తెలుగు ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, కొండ మీది నుంచి సంతకు వచ్చినవారి నోట సవర భాష వింటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మూడు దశాబ్దాలు పిల్లలకు పాఠాలు చెప్పినది ఈ ఊరిలోనే. సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆయన ఆ భాష నేర్చుకొని, బడులు పెట్టించి, 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. పిల్లవాడికి అప్పటికే తెలిసిన భాష మీద కొత్త చదువును నిలబెట్టాలన్న ఆయన పట్టుదల, నా చిన్న తరగతికి కూడా దారి చూపుతున్నదని నేను నమ్ముతున్నాను. నా దగ్గరికి వచ్చే పిల్లలకు తెలుగు లిపి కొత్తది గాని తెలుగు మాట కొత్తది కాదు. వారికి వచ్చిన ఒడియా కూడా నాకు పాఠ్యపుస్తకమే.

మొదటి సంవత్సరాలలో నేను అలా చేయలేదు. పల్లెటూరి బడిలో నాకు నేర్పినట్లే నేనూ నేర్పాను. నల్లబల్ల మీద నడుమ గీత గీసి, ఎడమ వైపు సత్యం, ధర్మం, న్యాయం అని రాసి, కుడి వైపు అసత్యం, అధర్మం, అన్యాయం అని రాసి, ముందు ‘అ’ చేరితే అర్థం తిరగబడుతుందని చెప్పాను. పిల్లలు చక్కగా అప్పజెప్పారు. నెల తిరిగిన తరువాత సొంత వాక్యాలు రాయమంటే ఒక అబ్బాయి, “నా పెన్ను విరిగిపోయింది, కాబట్టి అది అమూల్యమైనది” అని రాశాడు. మూల్యం అంటే వెల అని వాడికి తెలుసు. అ చేరితే అది లేదని నేనే చెప్పాను. వెల లేనిది అంటే దేనికీ పనికిరానిదని వాడు తర్కబద్ధంగానే అనుకొన్నాడు. వాడి వాక్యం కింద నేను ఎర్రసిరాతో తప్పు అని గీత పెట్టాను. ఆ రాత్రి ఆలోచిస్తే ఆ గీత నా పాఠం కింద పెట్టవలసినదని అర్థమైంది.

అమూల్యం అంటే వెల కట్టడానికి వీలులేనంత విలువైనది. అలాగే అపారం అంటే అవతలి ఒడ్డు కనిపించనంతటిది, అసమానం అంటే సాటి లేనిది, అపూర్వం అంటే ఇంతకు ముందు లేనిది. వీటన్నిటిలోనూ అ కారం లేదనే చెబుతున్నది గాని, ఆ లేకపోవడం గొప్పతనంగా మారింది. మహేంద్రతనయ ఒడ్డున నిలబెట్టి అవతలి గట్టును చూపించి, ఇది కనబడకపోతే ఎలా ఉంటుందో ఊహించమని, సముద్రానికి, దయకు, దుఃఖానికి అపారం అని ఎందుకు వాడతారో చెప్పినప్పుడు పిల్లలకు ఆ మాట పట్టుబడింది. ఆరోగ్యం సంగతి ఇంకా విచిత్రమైనది. రోగం లేనివాడు అరోగుడు, ఆ స్థితి ఆరోగ్యం. అంటే మనం మూలపదం అనుకొనేదానిలోనే ఒక లేమి దాగి ఉంది. దాని మీద మళ్లీ అన్ చేర్చి అనారోగ్యం అంటున్నాం. కొన్నిసార్లు లేని మూలాన్ని భాషే పుట్టించుకొంటుంది. సంస్కృతంలో అసుర శబ్దం ముందున్నది. అందులోని అ కారాన్ని లేమి అనుకొని దానిని తీసివేయడం వల్ల సుర శబ్దం తరువాత పుట్టింది. పై తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వారి కళ్లలో కనిపించే ఆశ్చర్యం కోసమే నేను ఈ పాఠానికి ఎదురుచూస్తుంటాను.

ఉపసర్గలను మానివేయమని నా ఉద్దేశం కాదు. వాటిని పట్టికగా గాక, చెవితో నేర్పాలి. హల్లుతో మొదలయ్యే మాటకు అ, అచ్చుతో మొదలయ్యే మాటకు అన్ వస్తాయని సూత్రం చెప్పడం కన్నా, ‘అఅర్హత’ అని నాలుగుసార్లు పలకమంటే నోటికి కలిగే ఇబ్బందిని పిల్లలే గుర్తించి, అనర్హత అనడం ఎంత సులువో తామే చెబుతారు. తరువాత ఆసక్తికి అనాసక్తి, ఐక్యతకు అనైక్యత, ఇష్టానికి అనిష్టం వారంతట వారే అల్లుకొంటారు. సుగంధానికి దుర్గంధం, సజ్జనుడికి దుర్జనుడు, ఉపకారానికి అపకారం, ఆకర్షణకు వికర్షణ వంటివి తలకు తల మార్చుకొనే జతలు. వాటికి మొదటి భాగాన్ని ఒక రంగు సుద్దతో, మిగిలినదాన్ని మరొక రంగుతో రాస్తే చాలు.

ఇక్కడి పిల్లలకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ఒడియాలో అ కారాన్ని ఒ కు దగ్గరగా పలుకుతారు, వ కారం బ అవుతుంది. అందువల్ల బడిలో ఒసత్య, బియోగ అని పలికి వచ్చిన పిల్లవాడికి తెలుగు పుస్తకంలోని అసత్యం, వియోగం వెంటనే చుట్టాలుగా కనిపించవు. ఒకసారి రెండింటినీ పక్కపక్కన పలికించి, మాట ఒకటే, నోరు మారిందని చూపిస్తే, బడిలో నేర్చుకొన్న సగం పదాలు ఒక్కరోజులో తెలుగులోకి నడిచి వస్తాయి.

అలా నడిచి వచ్చేవాటిలో దారి తప్పించేవి కూడా ఉన్నాయి. మొదటి రోజునే ఒక అమ్మాయి, “విపరీత పదాలు రాయాలా మాస్టారూ?” అని అడిగింది. ఒడియాలో వ్యతిరేక పదానికి పేరే బిపరీత శబ్ద. మనం విపరీతమైన ఎండ అన్నప్పుడు, విపరీతంగా ఖర్చయింది అన్నప్పుడు మితిమీరినది అనే అర్థం తీసుకొంటాం. లాభానికి వ్యతిరేక పదం నష్టం అని మనం రాస్తే, వారి బడి పుస్తకంలో క్షతి అని ఉంటుంది. అక్కడ నష్టం అంటే పాడైపోవడం. అన్నం చెడిపోయినా నష్టమైందనే అంటారు. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసినది ఉచితం. పాతపట్నం వెళ్లినప్పుడు ‘ఉచిత వైద్య శిబిరం’ అన్న బ్యానరును కూడబలుక్కొని చదివిన ఒక పిల్ల, అక్కడ మంచి వైద్యం, సరైన వైద్యం చేస్తారని ఇంట్లో చెప్పింది. డబ్బు తీసుకోరని ఆమెకు అర్థం కాలేదు. ఒడియాలో ఉచిత అంటే తగినది, చేయవలసినది. డబ్బు తీసుకోనిదానికి వారి మాట మాగణా. సంస్కృతంలోనూ ఉచితం అంటే తగినదే కాబట్టి దానికి వ్యతిరేకం అనుచితం. తెలుగులో అనుచితం ఆ పాత అర్థాన్నే నిలుపుకొన్నది గాని, ఉచితం మాత్రం ఎక్కువగా ఊరకే ఇచ్చేదానికి వాడుకలో స్థిరపడింది. కనుక నేటి తెలుగు వాక్యంలో ఉచితం, అనుచితం ఎదురెదురుగా నిలబడడం అరుదు. ఉచిత ప్రయాణానికి వ్యతిరేకం టికెట్టు ప్రయాణమే. ఈ రెండు మాటలను పట్టికలో జతగా చదివిన పిల్లవాడు బస్టాండులో దెబ్బతింటాడు.

అచ్చ తెలుగు మాటల దగ్గరికి వస్తే ఉపసర్గలు పనిచేయవు. అప్పుడప్పుడు అపనమ్మకం వంటి కలగాపులగం మాట నిలదొక్కుకొంటుంది గాని, పిల్లలు అమంచి అనో, అపెద్ద అనో రాసినప్పుడు అవి ఎందుకు చెవికి కటువుగా ఉన్నాయో వారికి చెప్పాలి. పెద్దకు చిన్న, కొత్తకు పాత, ఎగువకు దిగువ, లేతకు ముదురు అని తెలుగు వేరే మాటను తెచ్చి నిలబెడుతుంది. లేదా ఉన్న మాట పక్కన లేమిని చేర్చుకొంటుంది: తెలివి ఉంటే తెలివితక్కువతనం, పని ఉంటే పనిమాలినతనం, చేతనైతే చేతకానితనం. లేత, ముదురు అనే జత నాకు చాలా ఇష్టమైనది. వంకాయలోను, కొబ్బరిలోను, చీర రంగులోను, బెల్లం పాకంలోను ఈ రెండు మాటలు ఒకటిగానే ఎదురెదురుగా ఉంటాయి. పచ్చి అనే మాట వస్తువు మారిన ప్రతిసారీ జతను మార్చుకొంటే, లేత మాత్రం ఎక్కడికి పోయినా తన ముదురును వెంటబెట్టుకొని పోతుంది. పిల్లలకు ఈ రెండు స్వభావాలనూ ఒకే రోజు చూపించాలి.

తెలుగు లేమిని ఎక్కువగా క్రియలో పెడుతుంది. ఈ విషయం మీద నేను రెండు వారాలు ఆగుతాను. వచ్చాడు అనేదానికి రాలేదు, వస్తున్నాడు అనేదానికి రావడం లేదు, వస్తాడు అనేదానికి రాడు, రావచ్చు అనేదానికి రాకూడదు, రాగలడు అనేదానికి రాలేడు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇవన్నీ నోటికి వచ్చినవే అయినా రాతలో తడబడి, కొందరు ‘వచ్చాడు లేదు’ అని రాస్తారు. ఇక్కడ ఒడియా మాకు మేలు చేసింది. తెలుగులో కాదు, లేదు అని రెండు వేరువేరు మాటలున్నాయి. వాడు నా తమ్ముడు కాదు, వాడు ఇంట్లో లేడు. హిందీలో రెండు చోట్లా నహీ ఒక్కటే. ఒడియాలో మాత్రం మొదటిదానికి నుహెఁ, రెండవదానికి నాహిఁ. కాదు ఎక్కడ, లేదు ఎక్కడ అని తికమకపడిన పిల్లవాడిని, ఆ వాక్యాన్ని ఒడియాలో చెప్పమంటే చాలు. నుహెఁ వస్తే కాదు, నాహిఁ వస్తే లేదు అని వాడే దిద్దుకొంటాడు. రెండు భాషల మధ్య పెరగడం పిల్లలకు బరువని అనుకొనే తల్లిదండ్రులకు నేను ఈ ఉదాహరణను తప్పక చెబుతుంటాను.

అయితే క్రియకు లేమి చేర్చినంత మాత్రాన వ్యతిరేకార్థం పూర్తిగా వచ్చినట్లు కాదు. దీన్ని చూపించడానికి పిల్లలను ఎత్తు ప్రకారం వసారా పొడవునా నిలబెట్టాను. ఈ చివరివాడు పొడుగు, ఆ చివరిది పొట్టి, అందులో ఎవరికీ అనుమానం లేదు. నడుమ నిలబడ్డ అమ్మాయిని నువ్వు పొడుగా అంటే కాదంది, పొట్టివా అంటే గట్టిగా కాదంది. పొడుగు కాదు అన్నంత మాత్రాన పొట్టి కాదని ఆమె నోటితోనే అందరూ విన్నారు. వేడికీ చల్లదనానికీ నడుమ గోరువెచ్చన ఉన్నట్లే, సంపన్నుడికీ బీదవాడికీ నడుమ ఉన్నంతలో గుట్టుగా బ్రతికేవారు ఉంటారు. హాజరుకు గైర్హాజరు అటువంటిది కాదు. దాని నడుమ ఎవరూ నిలబడలేరు. ఎక్కడం, దిగడం, ముడి వేయడం, ముడి విప్పడం వంటివి మరొక రకం. ఒకటి చేసినదాన్ని రెండవది వెనక్కి తిప్పుతుంది. కొనడం, అమ్మడం మళ్లీ వేరు. ఒకే పనిని కొట్టుకు ఇటు నుంచి చూస్తే కొనడం, అటు నుంచి చూస్తే అమ్మడం. ఈ రకాలకు వ్యాకరణ శాస్త్రంలో ఉన్న పేర్లను నేను పిల్లలకు చెప్పను. నడుమ ఎవరైనా నిలబడగలరా అన్న ఒక్క ప్రశ్నతో వారు వాటిని వేరు చేయగలుగుతున్నారు.

నా మాటల్లోకెల్లా ముఖ్యమైనది ఇక్కడ చెప్పాలి. ఏడెనిమిదేళ్ల కిందట ఒక బడి వార్షికోత్సవంలో నేను ప్రేక్షకుల్లో ఉన్నాను. ముగింపులో ఒక విద్యార్థిని వేదిక మీదికి వచ్చి, ముఖ్య అతిథికీ గురువులకూ వందన సమర్పణ చేస్తూ, బిగ్గరగా, మనస్ఫూర్తిగా, “మేమందరం మీకు ఎప్పటికీ కృతఘ్నులం” అని చదివింది. ఎవరూ కదలలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె చేతిలోని కాగితం పెద్దవారు రాసిచ్చినదేనని తరువాత తెలిసింది, అందులోనూ అలాగే ఉందట. కృతజ్ఞుడు అంటే చేసిన మేలును తెలిసినవాడు, ఎరిగినవాడు. కృతఘ్నుడు అంటే చేసిన మేలును చంపినవాడు. ఈ రెండింటినీ విడదీసేది ఒక్క సంయుక్తాక్షరం. జ్ఞ ను చాలామంది గ్న అని పలకడం వల్ల చెవికి ఆ కొద్ది దూరం కూడా చెరిగిపోయింది. ఒడియా బడిలో దానిని కృతగ్య అని పలుకుతారు కాబట్టి మా పిల్లలకు పలుకులో తేడా స్పష్టంగానే ఉంటుంది. తెలుగు లిపిలో రాసేటప్పుడే తడబడతారు. అందువల్ల ఈ జతకు నేను ఒక పూర్తి సాయంత్రం ఇస్తాను. జ కింద ఞ వత్తు, ఘ కింద న వత్తు ఇసుకలో వేలితో రాయిస్తాను. జ్ఞానంలో ఉన్నది జ్ఞ, విఘ్నంలో ఉన్నది ఘ్న అని చుట్టాలను చూపిస్తాను. మేలు చేసినవారి ఎదుట నిలబడి, చేతులు జోడించి, ఒక పిల్ల తనకు తెలియకుండానే వారికి ద్రోహం చేశానని చెప్పుకోవలసి రావడం నన్ను ఈనాటికీ బాధిస్తున్నది. వ్యతిరేక పదాల పాఠం రెండు మార్కుల పాఠం అని ఎవరైనా అంటే నాకు ఆ వేదికే గుర్తుకు వస్తుంది.

అభ్యాసానికి నేను వాడే పద్ధతి ఒకటుంది, తోటి ఉపాధ్యాయులకు పనికిరావచ్చునని రాస్తున్నాను. పిల్లలకు ఒక నిజమైన వాక్యం ఇస్తాను: ఎండుకట్టెలు త్వరగా అంటుకొంటాయి. మొదట ఇందులో ఒకే మాటను వ్యతిరేక పదంతో మార్చమంటాను. పచ్చికట్టెలు త్వరగా అంటుకొంటాయి అని వస్తుంది, అది అబద్ధం. ఆ తరువాత మరొక మాటను కూడా మార్చి వాక్యాన్ని మళ్లీ నిజం చేయమంటాను. పచ్చికట్టెలు ఆలస్యంగా అంటుకొంటాయి. రెండు మాటలు మారి కూడా వాక్యం నిజంగా నిలబడిందంటే రెండు జతలూ సరైనవే. ఎగువన వాన పడితే దిగువన వరద వస్తుంది అని ఇస్తే, కొందరు ఎగువను దిగువను తారుమారు చేసి, నది వెనక్కి పారదు కదా అని తమలో తాము వాదించుకొన్నారు. పొయ్యి దగ్గర, ఏటి దగ్గర తాము చూసినదానితో పిల్లలు తమ జవాబును సరిచూసుకోగలగడం వల్ల, తప్పొప్పులకు ప్రతిసారీ నా ముఖం వైపు చూడడం తగ్గింది.

తప్పొప్పులు అన్నాను గనుక జంట మాటల గురించి కూడా చెప్పాలి. కష్టసుఖాలు, మంచిచెడ్డలు, హెచ్చుతగ్గులు, రాకపోకలు, కలిమిలేములు, జమాఖర్చులు అని మన భాష వ్యతిరేక పదాలను విడిగా ఉంచదు, ఒక ఇంట్లో కాపురం పెడుతుంది. ఒకరినొకరు పలకరించుకొనేటప్పుడు కష్టసుఖాలు మాట్లాడుకొన్నామంటాం గాని సుఖాలు మాట్లాడుకొన్నామనం. సాధ్యాసాధ్యాలు, సత్యాసత్యాలు, బలాబలాలు వంటి వాటిలో సంధి కలిసిపోయి రెండవ మాటలోని అ కనిపించకుండా పోతుంది. విడదీసి చూపితే పిల్లలకు అది బొమ్మను విప్పి చూసినంత సంతోషం. బాగోగులు అనే మాటను రోజూ వాడే పెద్దవారిని కూడా అందులో రెండవ మాట ఏమిటని అడిగి చూడండి. బాగు, ఓగు. ఓగు అంటే చెడు. విడిగా ఆ మాట వాడుకలో కనుమరుగైనా, బాగు చేయి పట్టుకొని ఈనాటి దాకా బ్రతికి వచ్చింది. సామెతల్లో ఇంకా సూక్ష్మమైన జతలు దొరుకుతాయి. కొత్తొక వింత, పాతొక రోత అన్నప్పుడు కొత్తకు పాత ఎప్పుడూ వ్యతిరేకమే, వింతకు రోత వ్యతిరేకం కావడం మాత్రం ఆ సామెతలోనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు ఇంటికి రచ్చ వ్యతిరేకమైనట్లు అన్నమాట.

గత శనివారం నిండు అనే మాట ఇచ్చాను. నిండుకుండకు వెలితికుండ, నిండు చంద్రుడికి నెలవంక అన్నారు. నిండు సభకు ఏమీ దొరకక కొంతసేపు తర్జనభర్జన పడి, నలుగురూ లేని చోటు అని సరిపెట్టుకొన్నారు. అప్పుడు ఆ కూరగాయల ఇంటి పిల్లే, “మరి నిండు చూలాలికో?” అని అడిగింది. దేని విషయంలో అని నేను ఎదురు ప్రశ్న వేశాను గాని, జవాబు నాకూ తోచలేదు. చూలాలు కానిది అంటే అది లేమి అవుతుంది గాని వ్యతిరేకం కాదు. గొడ్రాలు అన్న మాట ఒకరి నోట వచ్చింది. అది ఆడవారిని నొప్పించే మాట కనుక వాడకూడదని చెప్పి పక్కన పెట్టించాను. లోపల గడప దగ్గర చేటలో బియ్యం ఏరుతున్న మా అమ్మ మా మాటలన్నీ వింటున్నట్లుంది. చేట మీది నుంచి తల ఎత్తకుండానే, “పచ్చి బాలింత” అంది.

పిల్లలు ఒక్క క్షణం ఊరుకొన్నారు. తరువాత ఆ అమ్మాయి తన పుస్తకంలో మొదటి రోజు పేజీ తీసి, మిరపకాయ, అరటికాయ, పాలు, బియ్యం, కొమ్మ అని రాసుకొన్న వరుస కింద ఆరవదిగా ఆ మాటను రాసుకొంది. దాని ఎదురుగా నిండు చూలాలు అని రాసి, దేని విషయంలో అన్న గడిలో ఏమి రాయాలని మా అమ్మను అడగడానికి లోపలికి వెళ్లింది.